నల్ల జడలో నీలం మచ్చలు: ల్యూమ్ వర్సెస్ శాట్ కర్వ్ ఎలా వాడాలి

పెళ్లి క్లిప్. వీడియో రంగులు దిద్దే సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లో శాచురేషన్, అంటే రంగు గాఢత, 50 నుంచి 70కి పెంచారు. పట్టుచీర కళకళలాడింది. కానీ జడలో నీలం మచ్చలు తేలాయి, తెల్ల పంచెకి లేత గులాబీ అంటింది. ఇక్కడ చాలామంది బ్లాక్స్‌ని, అంటే నల్లటి భాగాల వెలుగుని, కిందికి తొక్కేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. నీలంతో పాటు జుట్టులో పాయలన్నీ పోయి నల్లటి ముద్ద మిగులుతుంది. తప్పు వెలుగులో లేదు, రంగులో ఉంది.

శాచురేషన్ నాబ్ వాన లాంటిది. పైరు మీదా పడుతుంది, కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీదా పడుతుంది. నీడల్లో సిగ్నల్ తక్కువ, రంగు నాయిస్ (అక్కర్లేని రంగు చుక్కలు) ఎక్కువ. రంగు వివరాలు తక్కువగా దాచే 8 బిట్ 4:2:0 ఫుటేజ్‌లో అయితే ఆ నాయిస్ మచ్చలుగా గడ్డకట్టి ఉంటుంది. వాన పడగానే అదంతా మొలకెత్తుతుంది.

ల్యూమ్ వర్సెస్ శాట్ అనేది వెలుగు స్థాయిని బట్టి రంగు గాఢతని మార్చే కర్వ్. అంటే మడి మడికీ విడిగా నీళ్లు కట్టడం. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో దీన్నే ల్యూమా వర్సెస్ శాట్ అంటారు. ఎడమ చివర నలుపు, కుడి చివర తెలుపు. గీతని కిందికి లాగితే చీకటి పెరగదు, ఆ వెలుగులో ఉన్న రంగు మాత్రమే తగ్గుతుంది. వెలుగుని మార్చే కస్టమ్ కర్వ్ అలవాటున్న వాళ్లు తికమకపడేది ఇక్కడే.

ఇప్పుడు చేద్దాం. కొత్త నోడ్ (ఒక విడి దిద్దుబాటు మెట్టు) తీసుకోండి. షిఫ్ట్ పట్టుకుని, గీత మీద ఎడమ నుంచి పావు వంతు దగ్గర ఒక పాయింట్, మధ్యలో ఇంకొకటి పెట్టండి. షిఫ్ట్‌తో పెడితే గీత కదలదు. ఇవి మన గట్లు. ఇవి లేకుండా ఎడమ చివర లాగితే నీళ్లు ముఖం దాకా తగ్గి, చర్మం పాలిపోతుంది. ఇప్పుడు ఎడమ చివరి పాయింట్‌ని మెల్లగా దించండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలాలని విడివిడిగా చూపే గ్రాఫ్ ఆర్‌జీబీ పెరేడ్‌లో జుట్టు దగ్గర మూడు రంగుల అడుగులూ ఒక మట్టానికి వచ్చాయా? ఆపేయండి. రెండు పాయింట్లని మరీ దగ్గరగా పెట్టి నిటారుగా దించకండి. గట్టు తెగినట్టు, బుగ్గ మీద వెలుగు నీడలోకి జారే చోట బూడిదరంగు అంచు కనిపిస్తుంది. వాలు ఎంత పొడవుంటే అంత మంచిది.

నోడ్ ఎక్కడ ఉందో చూసుకోండి, ఇది ముఖ్యం. సోనీ కెమెరాల చప్పటి రికార్డింగ్ పద్ధతి ఎస్-లాగ్3లో, 10 బిట్ స్కేల్‌లో, 18 శాతం గ్రే 420 దగ్గర, 90 శాతం తెలుపు 598 దగ్గర ఉంటాయి. స్కేల్ 1023 దాకా ఉంది. అంటే పంచె గ్రాఫ్ మధ్యకి కాస్త కుడిపక్కనే ఆగిపోతుంది. మీరు కుడి చివర ఎంత లాగినా అక్కడ పొలమే లేదు. అందుకే ఫుటేజ్‌ని రెక్ 709కి, అంటే మామూలు టీవీ రంగుల ప్రమాణానికి, మార్చిన తర్వాతే ఈ నోడ్ పెట్టండి.

టైమ్ అయిపోతోంది, హైలైట్స్, అంటే బాగా వెలుగున్న భాగాల సంగతి, త్వరగా చెప్తాను. పంచె కోసం కుడి చివర కొద్దిగా దించండి, కానీ నుదుటి మెరుపు, దీపం మంట, సీరియల్ బల్బులు కూడా అదే మడిలో ఉంటాయి. మంట బూడిదరంగుకి తిరిగితే, కుడి చివర దించిన ఆ పనిని వేరే నోడ్‌లోకి మార్చి, అందులో పంచె చుట్టూ విండో (దిద్దుబాటు పనిచేసే హద్దు) గీసి ట్రాక్ చేయండి. చీర రంగు మరీ గుచ్చుతోందంటే అది ఈ కర్వ్ పని కాదు, ఉన్న రంగు గాఢతని బట్టి రంగుని మార్చే శాట్ వర్సెస్ శాట్ పని. చివరగా కంట్రోల్ డి నొక్కి నోడ్ ఆపి, వేసి, జడని ఒకసారి, బుగ్గని ఒకసారి పోల్చి చూడండి.