కత్తెర మన చేతికి వచ్చినప్పుడు

శ్రోతలకు నమస్కారం.

1964లో జపాన్‌లోని క్యోటో నగరంలో యోకో ఓనో అనే కళాకారిణి ఒక వేదిక మీద కదలకుండా కూర్చున్నారు. ఎదుట ఒక కత్తెర. ప్రేక్షకులు ఒక్కొక్కరే పైకి వచ్చి, ఆమె కట్టుకున్న బట్టల్లోంచి ఒక ముక్క కత్తిరించి తీసుకుపోవచ్చు. ప్రదర్శన అంతా అంతే. దాని పేరు ‘కట్ పీస్’. కళాకారులు ప్రేక్షకుల ఎదుట తామే స్వయంగా ఏదో ఒకటి చేసి చూపే ఇలాంటి కళను పెర్ఫార్మెన్స్ ఆర్ట్ అంటారు.

పాట లేదు, నాట్యం లేదు, మరి ఇందులో కళ ఏమిటని మీకు తోచి ఉంటుంది. న్యాయమైన ప్రశ్నే. 1965లో న్యూయార్క్‌లో జరిగిన ఇదే ప్రదర్శనను చిత్రీకరించారు. కొందరు బెరుకుగా వచ్చి చిన్న ముక్క కోసుకుని దిగిపోతారు. ఒక యువకుడు మాత్రం తీరిగ్గా లోదుస్తుల పట్టీల దాకా కత్తిరిస్తూ పోతాడు. అందరికీ అందింది అదే కత్తెర. ఎవరెంత కోశారన్నదే అక్కడ ప్రదర్శన.

ఆటలో మనమూ ఒక పాత్ర కావడం తెలుగువారికి తెలియనిది కాదు. పగటివేషగాడు అరుగు దగ్గరికి వచ్చి మాట కలిపితే, ఇంటివారు ఇచ్చే జవాబు కూడా ఆటలో భాగమే. అయితే అక్కడ వరస ఇద్దరికీ తెలుసు. పెర్ఫార్మెన్స్ ఆర్ట్‌లో తర్వాత ఏం జరగాలో చాలాసార్లు ప్రేక్షకుడే తేల్చుకోవాలి.

అది ఎంత బరువైన పనో 1974లో ఇటలీలోని నేపుల్స్‌లో తేలింది. మరీనా అబ్రమోవిచ్ అనే కళాకారిణి బల్ల మీద 72 వస్తువులు పెట్టి, ఆరు గంటల పాటు వాటిని తన మీద ఎలాగైనా వాడవచ్చునన్నారు. గులాబీ, తేనె, ఈక ఉన్నాయి. కత్తెర, తుపాకీ, తూటా కూడా ఉన్నాయి. ప్రేక్షకులు మొదట పువ్వు అందించారు. పొద్దు గడిచేకొద్దీ బట్టలు కోశారు, గాయపరిచారు. చివరికి తూటా నింపిన తుపాకీని ఆమెకే గురిపెట్టారు. అప్పుడు అడ్డుపడిందీ ప్రేక్షకుల్లోనే కొందరు. ఆ గదిలో అందరికంటే బాగా పాల్గొన్నది వారేనని నా నమ్మకం.

కనుక పార్కులోనో గ్యాలరీలోనో ఇలాంటిది ఎదురైతే వెంటనే ఫోను పైకెత్తకండి. కాసేపు నిలబడి చూడండి. ముట్టుకోవచ్చా, మాట్లాడవచ్చా, ఎదుట కూర్చోవచ్చా అన్నది తెలుసుకోండి. 2010లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో అబ్రమోవిచ్ ఎదుటి కుర్చీలో వెయ్యిమందికి పైగా వచ్చి మౌనంగా కూర్చున్నారు. కొందరికి కన్నీళ్లు ఆగలేదు. మీకు మనసొప్పకపోతే దూరం నుంచే చూడండి, అందులో తప్పేమీ లేదు.

2003లో, 70 ఏళ్ల వయసులో, ఓనో పారిస్‌లో మళ్లీ కత్తెర ముందు కూర్చున్నారు. ఈసారి ఒక కోరిక కోరారు: పోస్టుకార్డుకు మించని ముక్క కత్తిరించి, మీరు ప్రేమించేవారికి పంపండి అని. ఎవరికి పంపాలో తలచుకుంటూ కత్తెర పట్టుకున్న చేయి ఎంత నెమ్మదిగా కదులుతుందో ఒక్కసారి ఊహించుకోండి.

నమస్కారం.