ఇది తప్పైతే నాకేం కనబడాలి?

[స్క్రీన్ మీద మూడు సంఖ్యలు: 2, 4, 6]

ఈ మూడు సంఖ్యలూ ఒక నియమం ప్రకారం ఉన్నాయి. ఆ నియమం నేను చెప్పను, మీరే కనిపెట్టాలి. మీకు తోచిన మూడు సంఖ్యలు అడగండి. అవి నా నియమానికి సరిపోతే 'అవును' అంటాను, లేకపోతే 'కాదు' అంటాను. ఎన్నిసార్లయినా అడగొచ్చు. ఇక ఖాయం అనిపించాక నియమం ఏంటో చెప్పండి.

వీడియో కాసేపు ఆపి, మీరు ఏమేం అడుగుతారో కాగితం మీద రాసుకోండి. నిజంగా రాయండి, లేకపోతే మజా ఉండదు.

[ఐదు సెకన్ల నిశ్శబ్దం]

సాధారణంగా ఇలా నడుస్తుంది. 8, 10, 12? అవును. 20, 22, 24? అవును. 100, 102, 104? అదీ అవునే. ఇంకేముంది, "రెండేసి చొప్పున పెరిగే సంఖ్యలు" అని ధీమాగా చెప్పేస్తారు.

కాదు!

నా నియమం చాలా చిన్నది. ప్రతి సంఖ్యా దాని ముందున్న దానికన్నా పెద్దది కావాలి, అంతే. 1, 2, 3 కూడా సరిపోతుంది. 5, 77, 4000 కూడా సరిపోతుంది.

ఇది 1960లో పీటర్ వాసన్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచురించిన ప్రయోగం. అందులో పాల్గొన్నది యూనివర్సిటీ విద్యార్థులు. అయినా ఎక్కువమంది మొదటి జవాబు తప్పే చెప్పారు. వాళ్లు ప్రశ్నలు అడగలేదా అంటే, అడిగారు. కాకపోతే అడిగినవాటిలో ఎక్కువ భాగం "నేను అనుకున్నది కరెక్టే కదా?" అన్న ఒక్క ప్రశ్నకే వేసిన రకరకాల వేషాలు. 2, 4, 7 అని ఒక్కసారి అడిగి చూస్తే? 'కాదు' అంటాడనుకున్న చోట 'అవును' అని వినబడేది. ఆ ఒక్క జవాబుతో 'రెండేసి' అన్న ఊహ అక్కడికక్కడే కుప్పకూలేది.

ప్రశ్నలు అడగండి, అడగండి అని చిన్నప్పటి నుంచీ అందరూ చెప్తూనే ఉంటారు. ఏది అడగాలో మాత్రం చెప్పరు. నన్నడిగితే అన్ని సబ్జెక్టుల్లోనూ పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: ఇది తప్పైతే నాకేం కనబడాలి?

[బ్లాక్ బోర్డు, దాని పక్కన ఒక ఆకుపచ్చ ఆకు, ఒక ఎర్ర ఆకు]

సైన్స్ క్లాసు. "ఆకుల్లో పత్రహరితం ఉంటుంది, దానివల్లే అవి ఆకుపచ్చగా ఉంటాయి, దాంతోనే ఆహారం తయారుచేసుకుంటాయి." ఒక విద్యార్థి లేచి "పత్రహరితం అంటే ఏంటి?" అని అడిగితే జవాబు పుస్తకంలో పై లైన్లోనే దొరుకుతుంది. అడగడంలో తప్పు లేదు గానీ దాంతో కొత్తగా తెలిసేదీ లేదు. ఇంకొకరు "మరి ఎర్రటి ఆకులుండే మొక్క ఎలా బతుకుతోంది?" అన్నారనుకోండి. ఇప్పుడు పాఠం కదులుతుంది. ఆ మొక్కలోనూ పత్రహరితం ఉంటుంది, యాంథోసయనిన్ అనే ఎర్రటి వర్ణకం దాన్ని కప్పేస్తుంది. అంటే పాఠం నిలబడింది, కానీ "పచ్చగా కనబడితేనే పత్రహరితం ఉన్నట్టు" అన్న మన అనుకోలు నిలబడలేదు. అదే విద్యార్థి ఇంకొంచెం తవ్వితే కస్కుటా దగ్గరికి వస్తాడు. సన్నటి పసుప్పచ్చ తీగ, ఆకులు కూడా సరిగ్గా ఉండవు. అది వేరే మొక్కను చుట్టుకుని దాని ఆహారాన్ని పీల్చుకుని బతుకుతుంది.

లెక్కల్లో ఇదే ప్రశ్న ఇంకా సూటిగా పనిచేస్తుంది. ఒక సంఖ్య తీసుకోండి. దాని వర్గానికి అదే సంఖ్య కలపండి, ఆపైన 41 కలపండి. సున్నాతో మొదలుపెడితే 41, ఒకటితో 43, రెండుతో 47, మూడుతో 53. అన్నీ ప్రధాన సంఖ్యలే. అలా 39 దాకా, అంటే వరసగా నలభై సార్లు, ప్రధాన సంఖ్యే వస్తుంది. నలభై సార్లు నిజమైంది కదా అని సంతకం పెట్టేయాలనిపిస్తుంది. 40 వేసి చూస్తే 1681 వస్తుంది. అది 41 ఇంటూ 41.

ఒక్కో సంఖ్యా వేసుకుంటూ పోయేవాళ్లకి ఇది నలభై ఒకటో సారి గానీ తెలీదు. "ఇది ఎక్కడ చెడుతుంది?" అని మొదట్లోనే అడిగినవాళ్లకి 41 వేసి చూద్దామని వెంటనే తడుతుంది. అప్పుడు కూడికలో మూడు ముక్కల్లోనూ 41 ఉంటుంది, కాబట్టి మొత్తం 41తో భాగించబడి తీరుతుంది. కాగితం కూడా అక్కర్లేదు.

చరిత్రలో ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తాను. 4వ శతాబ్దపు రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ పశ్చిమ సామ్రాజ్యం మీద అధికారాన్ని పోప్‌కి రాసిచ్చాడని చెప్పే పత్రం ఒకటి ఉండేది. 1440లో లోరెంజో వల్లా అనే ఇటాలియన్ పండితుడు దాన్ని వేరేగా చదివాడు: ఇది నిజంగా ఆ కాలానిదే అయితే ఇందులో ఏముండకూడదు? పత్రంలో రోమ్ ప్రముఖుల మధ్య 'సాట్రపులు' కనబడ్డారు. అది పర్షియా గవర్నర్ల పేరు, రోమన్ శాసనంలో దానికేం పని? లాటిన్ భాష కూడా ఆ కాలానిది కాదు. అది దొంగ పత్రం అని తేల్చాడు.

[పాత లండన్ మ్యాపు, మధ్యలో ఒక చేతిపంపు గుర్తు]

1854 ఆగస్టు ఆఖరు. లండన్‌లో సోహో అనే పేట. కలరా. చెడు గాలి వల్ల వస్తుందని అప్పట్లో ఎక్కువమంది డాక్టర్ల నమ్మకం. జాన్ స్నో అనే డాక్టరు మాత్రం నీళ్లని అనుమానించాడు. మరణాల జాబితా తెచ్చుకుని చూస్తే, 83 మందిలో దాదాపు అందరూ బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు దగ్గరివాళ్లే. మనమైతే అక్కడే ఆగిపోయేవాళ్లం. ఇది 8, 10, 12 లాంటి సాక్ష్యమే కదా! గాలి సిద్ధాంతం వాళ్లు కూడా "ఆ వీధి గాలి చెడ్డది" అని అదే మ్యాపు చూపించొచ్చు.

స్నో లెక్కకి సరిపోనివాళ్ల వెనక పడ్డాడు. పది మంది ఇళ్లు వేరే పంపుకి దగ్గర. మరి వాళ్లెందుకు పోయారు? ఆ ఇళ్లకు వెళ్లి అడిగాడు. ఐదు కుటుంబాలు బ్రాడ్ స్ట్రీట్ నీళ్లే బాగుంటాయని అక్కణ్ణించే తెప్పించుకునేవి. మరో ముగ్గురు ఆ పంపు దగ్గరి బడికి వెళ్లే పిల్లలు.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. పంపు దగ్గరే ఉండి బతికినవాళ్ల సంగతేంటి? పక్కనే ఉన్న వర్క్‌హౌస్‌లో (నిరుపేదలను ఉంచి పనిచేయించే చోటు) 535 మంది పేదలుంటే కలరాతో పోయింది ఐదుగురే. వాళ్లకి సొంత బావి ఉంది. అదే వీధిలోని బ్రూవరీలో 70 మందికి పైగా పనివాళ్లు, ఒక్కరూ పోలేదు. వాళ్లకి రోజూ కొంత బీరు ఉచితం, పంపు జోలికే వెళ్లరు. ఆ వీధికి చాలా దూరంగా, హాంప్‌స్టెడ్‌లో ఒక పెద్దావిడ మాత్రం పోయింది. ఒకప్పుడు బ్రాడ్ స్ట్రీట్‌లో ఉన్న మనిషి. ఆ నీళ్ల రుచి మరిగి, బండి మీద రోజూ సీసాతో తెప్పించుకునేది. ఆవిడ దాకా వచ్చాక గాలిని నిందించడం కష్టం. వీధి గాలి సీసాలో రాదు కదా.

ఇక్కడ ఒక మాట. దేన్నీ నమ్మకపోవడమే తెలివి అనుకునేవాళ్లూ ఉంటారు. "అంతా అబద్ధం" అని ముందే తేల్చుకున్నవాళ్లు కూడా ఆడేది 8, 10, 12 ఆటే. తమ అనుమానం మీద మాత్రం వాళ్లకి అనుమానం రాదు.

స్నో కథకి మామూలుగా చెప్పే ముగింపు ఇదీ: సెప్టెంబరు 8న పంపు హ్యాండిల్ తీసేశారు, కలరా ఆగిపోయింది. వినడానికి ఎంత బాగుందో! మరి హ్యాండిల్ వల్ల కాకపోతే ఏం కనబడాలి? అది తీయకముందే కేసులు తగ్గుతూ ఉండాలి.

[తేదీల వారీగా మరణాల గ్రాఫు: సెప్టెంబరు మొదట్లో శిఖరం, 8వ తేదీ నాటికి బాగా దిగిన గీత]

తగ్గుతూనే ఉన్నాయి. జనం అప్పటికే ఇళ్లు వదిలి పారిపోయారు. హ్యాండిల్ తీసే నాటికి ఆ నీళ్లలో ఇంకా విషం ఉందో లేదో తేల్చలేనని 1855లో రాసింది ఎవరో కాదు, స్నోనే.