బల్ల మీద ముందు చోటు, తరువాతే సింగారం

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో విందు అనుకోగానే చాలామందికి ముందు పూలు, రంగు కాగితాలు గుర్తొస్తాయి. బల్ల కొలత ఎవరికీ గుర్తుండదు. తీరా వడ్డించే వేళకు గిన్నె దించడానికి జానెడు చోటుండదు. అంత కష్టపడి పేర్చిన పూలగుత్తి కాస్తా వెళ్ళి ఫ్రిజ్ నెత్తిన కూర్చుంటుంది. అందుకని ఇవాళ లెక్క అటు నుంచి మొదలుపెడదాం. ముందు తినేవాళ్ళ మోచేతులకు చోటు, తరువాత పళ్ళేలకూ గిన్నెలకూ. మిగిలినదే అలంకరణకు. మధ్యమధ్యలో అంకెలు వస్తాయి, కాగితమూ పెన్సిలూ దగ్గరుంటే రాసుకోండి.

కూర్చుని తినే మనిషికి బల్ల అంచు వెంబడి 60 సెంటీమీటర్లు కావాలి. 180 సెంటీమీటర్ల పొడవు, 90 వెడల్పు ఉన్న బల్ల తీసుకుందాం. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు, చెరో కొసన ఒకరు, మొత్తం 8 మంది. పెద్ద పళ్ళెం అడ్డకొలత 27 సెంటీమీటర్లు, అంచు నుంచి 2 వదిలి పెడతాం. రెండు వైపులా కలిపి వెడల్పులో 58 పోయింది, 32 మిగిలింది. పొడవులోనూ అంతే పోతే 122 మిగిలింది. ఆ పట్టీలో 22 సెంటీమీటర్ల గిన్నెలు నాలుగు పెట్టామంటే 88 సరి. ఇక పూలకూ దీపాలకూ కలిపి మనకున్నది 34 సెంటీమీటర్లు. అందులోకి కూడా గ్లాసులు కాస్త చొచ్చుకొస్తాయి. ఇంత లెక్క తేలాక పెద్ద పూలకుండీ మాట ఎవరూ ఎత్తరు. గిన్నెల మధ్య సందుల్లో 8 సెంటీమీటర్లు మించని చిన్న గ్లాసులు మూడు పెట్టి, వాటిలో నాలుగేసి పూలు వేస్తే చాలు. వడ్డన పక్కబల్ల మీద పెట్టుకున్నవాళ్ళకు మాత్రం పట్టీ అంతా అలంకరణకే దక్కుతుంది.

ఎత్తు సంగతి. ఎదుటివాళ్ళ ముఖం కనపడాలంటే బల్ల మీద ఏదైనా 30 సెంటీమీటర్ల లోపే ఉండాలి. లేదా సన్నని కాడ మీద 60 దాటి పైకి పోవాలి. ఈ రెంటికీ మధ్య ఎత్తులో పెట్టిన గుత్తి చుట్టూ అతిథులు మెడలు అటూ ఇటూ వంచుతూ మాట్లాడుకుంటారు.

టేబుల్ క్లాత్ కొనే ముందు బల్ల కొలతకు అన్ని వైపులా 25 సెంటీమీటర్ల వేలాడే గుడ్డ కలపండి. మన బల్లకు 230 బై 140 వస్తుంది. కూర్చునే బల్లకు గుడ్డ నేలదాకా దిగితే కాళ్ళకు చుట్టుకుంటుంది, ఎవరో లేచేటప్పుడు గ్లాసులన్నీ వెంట వస్తాయి. నిలబడి వడ్డించుకునే బల్లకైతే నేలదాకా ఉండాలి, కింద డబ్బాలు దాచుకోవచ్చు. మడతల గీతలు పోవాలంటే గుడ్డను బల్ల మీద పరిచాక, కింద దళసరి తువ్వాలు వేసి, అక్కడికక్కడే ఇస్త్రీ చేయండి. ఇస్త్రీ చేసి మళ్ళీ మడతపెట్టి తెచ్చారంటే ఆ పని చేయనట్టే. మధ్యలో పరిచే రన్నర్ బల్ల వెడల్పులో మూడో వంతు ఉంటే కంటికి ఇంపుగా ఉంటుంది.

పూలను ముందు రోజు సాయంత్రమే తెచ్చి, కాడలను ఏటవాలుగా కోసి, నీళ్ళలో మునిగే ఆకులన్నీ దూసేయండి. ఆకు నీళ్ళలో కుళ్ళితే బాక్టీరియా పెరిగి కాడలో నీటి దారి మూసుకుపోతుంది, పువ్వు తల వాల్చేస్తుంది. లోతైన నీళ్ళలో రెండు మూడు గంటలు నిలబెట్టి, ఆ తరువాత గ్లాసుల్లోకి మార్చండి. గ్లాసు నోటి మీద సెల్లోటేపుతో అడ్డంగా రెండు, నిలువుగా రెండు పట్టీలు అంటిస్తే గడులు ఏర్పడతాయి. గడికో కాడ గుచ్చితే ఎక్కడి పువ్వు అక్కడే ఉంటుంది. రాత్రి పూలను అరటిపళ్ళ పక్కన, యాపిల్ బుట్ట పక్కన ఉంచకండి. పండే పండ్లు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి, దాంతో పూలు తొందరగా వాడిపోతాయి. లిల్లీల్లాంటి ఘాటు వాసన పూలను గుమ్మం దగ్గర పెట్టండి. తిండి దగ్గర అవి కూర వాసనతో పోటీ పడతాయి. గన్నేరు మాత్రం బల్ల ఛాయలకే రానీయకండి, ఆ మొక్క అంతా విషమే. కొన్న పూల మీద పురుగుమందు ఉంటుంది కాబట్టి వాటిని తినే పదార్థం మీద నేరుగా పెట్టడం కూడా తగదు.

ఇప్పుడు చేతిపనికి వద్దాం. వీటిలో కాగితపు పూలే ఎక్కువగా చెడతాయి. కారణం చిన్నదే. క్రేప్ కాగితానికి ఒక వైపుగా సన్నని ముడతల గీతలుంటాయి. రేకు కత్తిరించేటప్పుడు ఆ గీతలు పై నుంచి కిందికి పోవాలి. అడ్డంగా పోతే ఎంత లాగినా రేకు గుల్లగా ఉబ్బదు. ఒక గులాబీకి 4 బై 5 సెంటీమీటర్ల రేకులు మూడు, 5 బై 6 రేకులు ఐదు, 6 బై 7 రేకులు ఏడు కత్తిరించండి. ప్రతి కొలతలోనూ రెండో అంకె ఎత్తు. రేకు పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండాలి. రెండు బొటనవేళ్ళూ రేకు నడుమ ఆనించి మెల్లగా పక్కలకు లాగితే దొప్పలా గుంట పడుతుంది. లాగేది ఒక్కసారే. క్రేప్ సాగితే వెనక్కి రాదు, రెండోసారి లాగారంటే రేకు వేలాడిపోతుంది. అంచును పెన్సిలు మీద వెలుపలికి చుట్టండి.

5 సెంటీమీటర్ల వెడల్పు, 15 పొడవు ఉన్న ముక్కను తీగ కొసకు బిగించి చుడితే మొగ్గ అవుతుంది. దాని చుట్టూ చిన్న రేకులతో మొదలుపెట్టి, అడుగున ఒక్క సెంటీమీటరు మేరే జిగురు రాసి, ప్రతి రేకునూ వెనకటి రేకు సగం నుంచి అంటిస్తూ పోవాలి. జిగురు ఎక్కువైతే కాగితం తడిసి రంగు దిగుతుంది. ఆకుపచ్చ పూలటేపును సాగదీస్తూ చుట్టాలి. దానికి పైపైన జిగురుండదు, లాగినప్పుడే అంటుకునే గుణం బయటికొస్తుంది. ఇది తెలియక టేపు పాడైందని పారేసేవాళ్ళున్నారు. ఇంకో మాట, క్రేప్ మీద ఒక్క నీటి చుక్క పడినా రంగు కారుతుంది. చల్లని గ్లాసు చెమర్చి తెల్లగుడ్డ తడిసిన చోట ఎర్ర క్రేప్ గులాబీ ఆనిందంటే ఆ మరక వదిలించడం గగనం.

గోడకు కట్టే కాగితపు చక్రాలు సులువు. మామూలు ఏ4 కాగితాన్ని పొడవుగా 5 సెంటీమీటర్ల పట్టీలుగా కోసి, మూడింటిని అతికించండి. సెంటీమీటరుకో మడత చొప్పున అటూ ఇటూ కుచ్చిళ్ళు పెట్టి, రెండు కొసలూ కలిపి, పడుకోబెట్టి నొక్కితే 10 సెంటీమీటర్ల చక్రం విచ్చుకుంటుంది. పట్టీ పొట్టిదైతే చక్రం చదునుగా ఉండక గొడుగులా పైకి లేస్తుంది. విచ్చుకున్నాక వెనక 3 సెంటీమీటర్ల అట్ట బిళ్ళను గ్లూ గన్‌తో అంటించి, జిగురు గట్టిపడేదాకా మీద బరువు ఉంచండి. దళసరి రంగు అట్ట వాడితే మడత దగ్గర రంగు పగిలి తెల్లగీత కనిపిస్తుంది. గ్లూ గన్ పిల్లల చేతికి వద్దు, ఆ జిగురు మరిగే నీళ్ళకన్నా వేడిగా ఉండగలదు.

తోరణానికి అడుగు 15, ఎత్తు 20 సెంటీమీటర్ల త్రికోణాలు, మధ్య 5 సెంటీమీటర్ల ఎడం. 3 మీటర్లకు 15 ముక్కలు పడతాయి. పై అంచు 2 సెంటీమీటర్లు మడిచే వీలుతో కత్తిరించుకుని, మడత లోపల దారానికి కూడా జిగురు తగలనివ్వండి. లేకపోతే కట్టిన గంటకే అన్నీ జారి మధ్యకు చేరతాయి. కట్టుకోవడానికి చెరో వైపు అరమీటరు దారం మిగల్చడం మరవకండి.

బల్ల మీద చమ్కీలు చల్లే అలవాటు నాకు బొత్తిగా గిట్టదు. అవి పళ్ళేల అడుగుకు అంటుకుని, చేతులకు అంటుకుని, చివరికి నోట్లోకి పోతాయి. చమ్కీ డబ్బా మీద విషరహితం అని రాసి ఉన్నా, తినదగినదని దాని అర్థం కాదు. కేకు మీద చల్లేది తినడానికే తయారైనదై ఉండాలి.

వెలుతురు విషయంలో ఒక్కటే పని. తలపైన తెల్లని ట్యూబ్‌లైటు ఆర్పి, పక్కల నుంచి పసుపు ఛాయ దీపాలు వెలిగించండి. కొవ్వొత్తులు వాసన లేనివి కావాలి. వాటికి 30 సెంటీమీటర్ల లోపల కాగితం గానీ గుడ్డ గానీ ఎండిన ఆకు గానీ ఉండకూడదు. ఫ్యాను తిరిగే గదిలో మంట ఊగి మైనం పక్కకు కారుతుంది, మసి పడుతుంది. అక్కడ బ్యాటరీ దీపాలే మేలు. అద్దం ముక్క మీద దీపాలు పెడితే వెలుగు రెట్టింపవుతుంది, నిజమే. పావుగంటలో పడ్డ మెతుకులు కూడా రెట్టింపుగానే కనిపిస్తాయి.

తిండి విషయానికొస్తే, పండ్ల పళ్ళెం అన్నిటికన్నా అందంగా కనిపించేది, అందరికన్నా ముందు పాడయ్యేది. ఇతర పదార్థాలతో పాటు పెడితే మనిషికి 150 గ్రాముల కోసిన ముక్కలు లెక్కేసుకోండి. అనాసలో దాదాపు సగం తొక్కకూ నడిమి దుంపకూ పోతుందని గుర్తుంచుకుని కొనండి. పేర్చేటప్పుడు ముందు చట్నీ గిన్నెల్లాంటివి పెట్టి, వాటి చుట్టూ పెద్ద ముక్కలు, చివర సందుల్లో ద్రాక్ష లాంటి చిన్నవి. యాపిల్ ముక్కలు నల్లబడకుండా కప్పు నీళ్ళకు పెద్ద చెంచాడు నిమ్మరసం కలిపి నాలుగైదు నిమిషాలు ముంచి తీసి, గుడ్డ మీద ఆరబెట్టండి. ఆ తడి ఆరకుండా పేరిస్తే పక్కనున్న బిస్కెట్లు మెత్తబడతాయి. పుచ్చకాయా బిస్కెట్లూ అసలు ఒకే పళ్ళెంలో ఉండకూడదు. కీర ముక్కల మీద ఉప్పు చివరి నిమిషంలోనే, ముందే వేస్తే నీరూరి పళ్ళెం చెరువవుతుంది.

వండినవీ కోసినవీ గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. గదిలో 32 డిగ్రీలు దాటితే గంటే. చల్లనివి 5 డిగ్రీల లోపల, వేడివి 60 డిగ్రీల పైన ఉంటే భయం లేదు. అందువల్ల పెద్ద పళ్ళెం ఒకటి కాక చిన్నవి మూడు నింపుకోండి. ఒకటి బల్ల మీద, రెండు ఫ్రిజ్‌లో. ఖాళీ అయినదాన్ని తీసేసి కొత్తది పెట్టాలి. పాతదాని మీదే తాజాది పోయడం వల్లే పదార్థం ఎప్పటిదో తెలియకుండా పోతుంది. చల్లగా ఉండాల్సిన గిన్నెను ఐసు పరిచిన లోతైన పళ్ళెంలో కూర్చోబెట్టండి. ఐసు మందం 4 సెంటీమీటర్లు, గిన్నె అంచు దానికన్నా బాగా ఎత్తు. లేకపోతే కరిగిన నీళ్ళు సలాడ్‌లోకి దిగుతాయి.

ఎవరికి వారు వడ్డించుకునే పద్ధతిలో మొదట పళ్ళేలు, చిట్టచివర చెంచాలూ నాప్కిన్లూ. చెంచాలు ముందే పెడితే ఒక చేత్తో పళ్ళెం, ఇంకో చేత్తో చెంచా పట్టుకుని గరిటె ఎలా అందుకుంటారు? నీళ్ళూ పానీయాలూ వేరే బల్ల మీద ఉండాలి, వరస ఆగిపోయేది ఎప్పుడూ అక్కడే. గుడ్డ కింద 10, 20 సెంటీమీటర్ల గట్టి డబ్బాలు పెట్టి మెట్లు కడితే బల్ల నిండుగా కనిపిస్తుంది. పై మెట్టు మీద తేలికవే, పొడివే. వేడి గిన్నె ముందు వైపు, కిందనే ఉండాలి. దాని మీదుగా గానీ మంట మీదుగా గానీ ఎవరూ చేయి చాచాల్సిన అవసరం రాకూడదు. ప్రతి పదార్థం ముందూ చీటీ పెట్టి, పేరుతో పాటు పాలు, గుడ్డు, గోధుమ, వేరుశనగ, నువ్వులు, జీడిపప్పు లాంటివి పడితే ఆ సంగతీ రాయండి. పడనివాళ్ళకు ఆ చీటీ ఏ పువ్వుకన్నా విలువైనది. కూర్చునే బల్ల మీద పేరు చీటీలకు రెండు వైపులా పేరు రాస్తే ఎదుటివాళ్ళకూ మాట కలపడం తేలిక.

ముందు రోజు రాత్రి బల్లంతా ఖాళీ గిన్నెలతో పరిచి చూడండి. ప్రతి గిన్నెలో ‘సలాడ్’, ‘పండ్లు’ అని చీటీ వేసి, పక్కనే దాని గరిటె, గరిటె ఆనించే చిన్న పళ్ళెం కూడా ఉంచండి. పటకారు లేదనీ, ఒక గిన్నె ఎక్కువైందనీ తెలిసేది అప్పుడే. ఒక కుర్చీలో కూర్చుని ఎదుటి కుర్చీ వైపు చూడండి, చేయి చాచి గిన్నె అందుతుందేమో చూడండి. అడ్డొచ్చిందాన్ని నిర్దాక్షిణ్యంగా తీసేయండి.

విందు ముగిశాక గుడ్డ మీద మైనం కనబడితే గోటితో గీకవద్దు. ఐసు ముక్కను కవర్లో పెట్టి దాని మీద ఆనిస్తే గట్టిపడి పెళుసవుతుంది, మొండి కత్తితో రాల్చేయొచ్చు. మిగిలిన జిడ్డుకు గుడ్డ పైనా కిందా అచ్చులేని కాగితం పెట్టి గోరువెచ్చని ఇస్త్రీ ఆనించండి. మైనం కాగితంలోకి ఇంకుతుంది. కాగితం మారుస్తూ జిడ్డు రావడం ఆగేదాకా చేసి, అప్పుడు సబ్బునీళ్ళలో వేయండి. ముందే వేడినీళ్ళలో ముంచితే మైనం కరిగి గుడ్డంతా పాకుతుంది.

ఇక సెలవు. నమస్కారం.