చాచిన చేయి, ఎత్తిన పిడికిలి

[తెర మీద: రెండు చేతులు. ఒకటి అరచేయి చాచి, ఇంకొకటి పిడికిలి ఎత్తి.]

ఎడమ పక్కన ఉన్నది ముప్ఫై ఏళ్లుగా మీటింగుల్లో షేక్‌హ్యాండ్ ఇస్తున్న చేయి. కుడి పక్కది నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన చేయి, పిడికిలికి పిడికిలి తాకించి పలకరిద్దామని లేచింది. ఏం చేయాలో తోచక పెద్దాయన ఆ పిడికిలినే గుప్పిట్లో పట్టుకుని ఊపేశారు. ఇద్దరూ నవ్వేశారు. కానీ కుర్చీల్లో కూర్చున్నాక ఇద్దరి మనసులోనూ ఒకటే గుబులు: నేనేమైనా తప్పు చేశానా?

ఎవరి తప్పూ లేదు. ఇద్దరూ మర్యాదే చేశారు, నేర్చుకున్న కాలాలే వేరు.

పెద్దవాళ్లకు నేర్పింది ఇది: లేచి నిలబడు, కళ్లలోకి చూడు, చేయి గట్టిగా పట్టుకో. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. 2008లో అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు 98 మంది విద్యార్థులకు నమూనా ఇంటర్వ్యూలు పెడితే, షేక్‌హ్యాండ్ బాగా ఇచ్చినవాళ్ల మీద ఇంటర్వ్యూ చేసినవాళ్లకు మంచి అభిప్రాయం కలిగింది. అందుకే చేయి మెత్తగా అందిస్తే పెద్దవాళ్లకు ఆసక్తి లేనట్టు అనిపిస్తుంది. అయితే కీళ్లనొప్పులున్న మనిషి కూడా చేయి మెత్తగానే ఇస్తారు. పట్టును బట్టి మనిషిని అంచనా వేయడం నాకు సబబుగా తోచదు.

ఇక కుర్రవాళ్ల సంగతి. 2020లో ఉద్యోగంలో చేరిన చాలామంది తమ మేనేజరును మొదట చూసింది కంప్యూటర్ తెర మీదే. కాల్ అయిపోగానే చేయి ఊపడం, అదే వాళ్లు నేర్చిన పలకరింపు. ఆ ఏడాదే అమెరికా అంటువ్యాధుల నిపుణుడు ఆంథొనీ ఫౌచీ, ఇకమీదట అసలు షేక్‌హ్యాండ్ ఇవ్వకపోవడమే మేలన్నారు. అంతకు ముందే, 2014లో, వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్ విశ్వవిద్యాలయం చేసిన ప్రయోగంలో పిడికిలి తాకిస్తే షేక్‌హ్యాండ్ కంటే దాదాపు 90 శాతం తక్కువ బ్యాక్టీరియా అంటుకుంటుందని తేలింది. కాబట్టి ఎదుటివాళ్లు చేయి చాచలేదంటే పొగరనుకోకండి. అడగకుండా తాకడం ఎందుకని ఆగి ఉండొచ్చు.

[తెర మీద: టోపీ తీసి వంగుతున్న మనిషి, ఎదురుగా చేయి చాచిన మనిషి]

నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. 17వ శతాబ్దపు ఇంగ్లండులో క్వేకర్లనే క్రైస్తవ శాఖ వాళ్లు, ఎంత గొప్పవాళ్ల ముందైనా టోపీ తీసి వంగబోమన్నారు. మనుషులంతా సమానమంటూ చేయి కలిపారు. ఈనాటి పాతకాలపు మర్యాద, ఆ రోజుల్లో పెద్దలకు మింగుడుపడని కొత్త పోకడ!

అన్నిటికంటే ఎక్కువ నొప్పించేది మాత్రం వేరే ఉంది. ఆడవాళ్లు ముందు చేయి చాస్తేనే మగవాళ్లు అందుకోవాలన్నది పాత పద్ధతి. ఆ అలవాటుతోనే ఒక పెద్దాయన వరసలో నిలబడ్డ మగవాళ్లందరికీ షేక్‌హ్యాండ్ ఇస్తూ వస్తారు. మధ్యలో ఉన్న అమ్మాయి దగ్గర తల ఊపి, పక్కవాడి వైపు తిరుగుతారు. ఆయన లెక్కలో అది గౌరవం. అప్పటికే ఆమె చేయి సగం లేచి ఉంది. దాన్ని మెల్లగా కిందికి దించి ఫైలు సర్దుకుంటుంది. ఆఫీసులో ఆ పాత పద్ధతికి ఇప్పుడు చోటు లేదు. ఇస్తే వరసలో అందరికీ ఇవ్వండి, లేదా అందరినీ ఒకే నమస్కారంతో పలకరించండి.

చేయి కలపడం మీకు ఇష్టం లేదా? ఎదుటి చేయి లేవకముందే మీరు కదలాలి. కుడిచేయి గుండె మీద పెట్టుకుని, కాస్త తల వంచి, "మిమ్మల్ని కలవడం చాలా సంతోషమండీ" అనండి. చేయి గాలిలోకి వచ్చాక వెనక్కి తగ్గితే అవతలివాళ్లు చిన్నబుచ్చుకుంటారు. జలుబు చేసి ఉంటే ఆ మాటే చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు.

పెద్ద హోదాలో ఉన్నవాళ్లు ఇంకో అర క్షణం ఆగాలి. కింది ఉద్యోగికి మీ చేయిని కాదనే వీలుండదు కదా. అవతల పిడికిలి లేచిందా, మీరూ పిడికిలే కలపండి.