స్పోర్ట్ పైలట్ అవ్వాలంటే: మెడికల్ ఫారం పెట్టే ముందు ఈ వీడియో చూడండి

నమస్కారం అండీ. అమెరికాలో ఉంటూ, సెలవు రోజుల్లో చిన్న విమానం నడపాలని ఆశపడేవాళ్ల కోసం ఈ వీడియో. స్పోర్ట్ పైలట్ అంటే ప్రైవేట్ పైలట్ కన్నా తక్కువ శిక్షణతో, సరదాకి చిన్న విమానాలు నడపడానికి ఇచ్చే లైసెన్స్.

ముందుగా మెడికల్, అంటే ఆరోగ్య పరీక్ష సర్టిఫికెట్ సంగతి. చాలామంది హుషారుగా మొదట ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) డాక్టర్ దగ్గరికే వెళ్తారు. దయచేసి ఆగండి. స్పోర్ట్ పైలట్ పగటిపూట ఎగరడానికి అమెరికా డ్రైవింగ్ లైసెన్స్ చాలు. కానీ మెడికల్‌కి దరఖాస్తు పెట్టి, అది తిరస్కరిస్తే, ఆ డ్రైవింగ్ లైసెన్స్ దారి కూడా మూసుకుపోతుంది. గుండె జబ్బో, ఇన్సులినో, డిప్రెషన్ మందులో ఉంటే, ఫారం జోలికి పోకముందే తెలిసిన డాక్టర్‌తో మాట్లాడుకోండి. అలాగని ఒంట్లో బాగాలేదని తెలిసీ ఎగరకూడదు. అదీ రూలే. పక్క సీట్లో కూర్చునేది మనల్ని నమ్మి వచ్చిన మనిషి.

విమానానికైతే 17 ఏళ్లు నిండాలి, కనీసం 20 గంటలు ఎగరాలి. అందులో 15 ఇన్‌స్ట్రక్టర్‌తో, 5 ఒంటరిగా. ప్రైవేట్ పైలట్‌కి మామూలుగా 40 గంటలు కావాలి. 20 గంటలకే పూర్తవుతుందని మాత్రం లెక్కలు వేసుకోకండి, టెన్షన్ పడకుండా నేర్చుకోండి.

ఇప్పుడు ఏ విమానం నడపొచ్చు? 2004లో వచ్చిన రూల్ ప్రకారం 600 కిలోల బరువు, రెండు సీట్లు, 120 నాట్ల వేగం దాటకూడదు. అందుకే సెస్నా 150 లాంటి బుల్లి విమానం కూడా బరువు ఎక్కువని పక్కకి పోయింది. 2025 జూలైలో మొజాయిక్ అనే కొత్త రూల్ ప్రకటించారు. పైలట్లకి అక్టోబర్ 22 నుంచి అమల్లోకి వచ్చింది. బరువు లెక్క పోయి, స్టాల్ వేగం లెక్క వచ్చింది: ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున దించే పలకలు) దించకుండా 59 నాట్లు మించకూడదు. స్టాల్ అంటే ఇంజన్ ఆగడం కాదు, రెక్కలు విమానాన్ని ఇక మోయలేని స్థితి. నాకైతే ఇదే న్యాయంగా అనిపిస్తుంది. దిగేటప్పుడు ఎంత నెమ్మదిగా రాగలమన్నదే కదా ప్రాణాలు కాపాడేది!

మాన్యువల్‌లో స్టాల్ వేగం చూసేటప్పుడు క్యాలిబ్రేటెడ్ వేగం, అంటే మీటర్ లోపాలు సరిచేసిన వేగం, ఉన్న పట్టికే చూడండి. మీటర్ చూపించే అంకె వేరుగా ఉంటుంది.

ఇంకో గందరగోళం ఉంది. సెస్నా 172ని ఇప్పుడు స్పోర్ట్ పైలట్ నడపొచ్చు. అంతమాత్రాన అది లైట్ స్పోర్ట్ విమానం (తేలికపాటి విమానాల ప్రత్యేక వర్గం) అయిపోదు, దాని సర్టిఫికెట్, మెయింటెనెన్స్ రూల్స్ పాతవే. విమానాల సర్టిఫికేషన్ మార్పులకి తేదీ వేరు, 2026 జూలై 24. ఇక నాలుగు సీట్లున్నా ఎక్కించుకోవాల్సింది ఒక్కరినే. భార్యనీ ఇద్దరు పిల్లల్నీ ఒకేసారి తిప్పాలంటే ప్రైవేట్ పైలట్ అవ్వాల్సిందే. రాత్రి ఎగరాలంటే అదనపు శిక్షణ, ఇన్‌స్ట్రక్టర్ సంతకంతో పాటు మెడికల్ గానీ బేసిక్‌మెడ్ (ఎఫ్ఏఏ మెడికల్‌కి బదులు మామూలు డాక్టర్ పరీక్షతో సరిపోయే పద్ధతి) గానీ ఉండాలి.

మనవాళ్లకి ముఖ్యమైనది: హెచ్1బీ అయినా, గ్రీన్ కార్డ్ అయినా, అమెరికా పౌరసత్వం లేకపోతే విమాన శిక్షణకి ముందే టీఎస్ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) భద్రతా అనుమతి కావాలి. డబ్బు కట్టేముందే ఫ్లయింగ్ స్కూల్‌ని దీని గురించి అడగండి.