నడవమంటారు సరే, దారేదీ?

యాంకర్: నమస్కారం. ఇవాళ్టి ఫోన్-ఇన్‌లో నగరాల్లో నడక గురించి మాట్లాడుకుందాం. స్టూడియోలో పట్టణ ప్రణాళికా నిపుణురాలు ఉన్నారు. మొదటి కాలర్ లైన్లోనే ఉన్నారు. హలో, చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్. నాకు షుగర్ వచ్చింది, రోజూ నడవమన్నారు డాక్టర్ గారు. మా వీధిలో ఫుట్‌పాత్ లేదు. కారులో పార్కుకు వెళ్లి, నడిచి, మళ్లీ కారులో వస్తున్నాను. సగం రోజులు కుదరట్లేదు.

నిపుణురాలు: కుదిరిన రోజు మానకండి. కుదరకపోతే బద్ధకం అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఇదివరకు ఒక్కో విడత కనీసం పది నిమిషాలు ఉండాలనేవారు. 2020 మార్గదర్శకాల్లో ఆ షరతు తీసేశారు. అంటే మందుల షాపుకు ఏడు నిమిషాలు, బస్టాపుకు ఐదు నిమిషాలు కూడా లెక్కలోకి వస్తాయి. పని మీద నడిచే నడకకు విడిగా టైమ్ తీయక్కర్లేదు, అందుకే అది ఏళ్ల తరబడి సాగుతుంది. మీ ఇంటికి పావుగంట దూరంలో ఏమేం ఉన్నాయో చూసి, ఒక్కదానికైనా లోపలి వీధుల గుండా దారి వెతకండి.

యాంకర్: తర్వాతి కాలర్, పెద్దావిడ అనుకుంటా. చెప్పండమ్మా.

కాలర్: అమ్మా, నాకు డెబ్భై దాటాయి. ఆస్పత్రి మా ఇంటికి ఎదురుగానే ఉంది, కానీ మధ్యలో పెద్ద రోడ్డు. సగం దాటేసరికి సిగ్నల్ మారిపోతుంది, బళ్లు మీదకొచ్చేస్తాయి. ఒక్కదానివే వెళ్లొద్దంటాడు మా అబ్బాయి.

నిపుణురాలు: తప్పు మీ నడకది కాదమ్మా. చాలాచోట్ల మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడనుకుని సిగ్నల్ టైమ్ పెడతారు. పెద్దవాళ్లలో చాలామంది 0.8, 0.9 మీటర్లే నడుస్తారు. 12 మీటర్ల రోడ్డుకు సిగ్నల్ పెట్టేవాళ్ల లెక్కలో పది సెకన్లు చాలు. 0.8 చొప్పున అయితే పదిహేను కావాలి. ఆ ఐదు సెకన్లే మిమ్మల్ని రోడ్డు మధ్యలో నిలబెడుతున్నాయి.

యాంకర్: మరి ఆవిడ ఏం చేయాలి?

నిపుణురాలు: అబ్బాయి చేత ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టించండి. నడిచేవాళ్లకు పచ్చ లైటు ఎంతసేపు ఉంటోంది, మీకూ మీ ఈడు వాళ్లకూ దాటడానికి ఎంత పడుతోంది, రెండూ రాసుకోమనండి. ఆ అంకెలతో ట్రాఫిక్ విభాగానికీ, మున్సిపాలిటీకీ అర్జీ పెట్టండి. ఉత్త ‘ఇబ్బందిగా ఉంది’ అని రాస్తే ఫైల్లోనే ఉండిపోతుంది. టైమ్ పెంచలేమంటే, రోడ్డు మధ్యలో ఆగి నిలబడే దిమ్మె అడగండి. వేగం తగ్గించమనీ అడగండి. 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు, డ్రైవర్ తేరుకునే సెకను కూడా కలుపుకుని, దాదాపు 13 మీటర్లలో ఆగుతుంది. 50తో వస్తే సుమారు 28 మీటర్లు కావాలి. 2021లో ప్రపంచం మొత్తంమీద రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన సుమారు 11.9 లక్షల మందిలో 2.74 లక్షల మంది నడిచేవాళ్లే. మీ అబ్బాయి భయంలో అర్థం ఉంది. మిమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టడం మాత్రం దానికి మందు కాదు.

కాలర్: మేడమ్, నాకు బట్టల షాపు ఉంది. మా వీధిలోకి బళ్లు రానివ్వరట. పార్కింగ్ లేకపోతే ఎవరొస్తారండీ? అందరం టెన్షన్‌లో ఉన్నాం.

నిపుణురాలు: 1962లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లోని స్ట్రోగెట్ వీధిలో కార్లు ఆపినప్పుడు అక్కడి వ్యాపారులూ ఇదే అన్నారు. ఇప్పుడా వీధి జనంతో కిటకిటలాడుతుంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఒక సర్వే చేశారు. కస్టమర్లలో 41 శాతం కార్లో వస్తారని దుకాణదారులు అనుకున్నారు, లెక్క తీస్తే 22 శాతమే. కార్లో వచ్చినవాళ్లే పార్కింగ్ గురించి గొణుగుతారు కదా, వాళ్లే గుర్తుంటారు! అలాగని ప్రతి షాపుకూ లాభమేనని హామీ ఇవ్వను. బరువైన సామాను అమ్మేవాళ్లకు కష్టం కావచ్చు. మీరు ఓ వారం పాటు బిల్లు కొట్టేటప్పుడు ‘ఎలా వచ్చారు’ అని అడిగి రాసుకోండి. సరుకు దింపుకోవడానికి పొద్దున టైమ్, వికలాంగుల వాహనాలకు అనుమతి అడగండి.

యాంకర్: బళ్లు తగ్గితే ఇరుగుపొరుగు దగ్గరవుతారంటారు, నిజమేనా?

నిపుణురాలు: కొంతవరకు. శాన్ ఫ్రాన్సిస్కోలో మూడు వీధుల మీద డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే పరిశోధకుడు చేసిన అధ్యయనం 1972లో వచ్చింది. రోజుకు రెండు వేల బళ్లు తిరిగే వీధిలో మనిషికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులు. పదహారు వేలు తిరిగే వీధిలో 0.9. అయితే రద్దీ వీధిలో అద్దెకుండేవాళ్లే ఎక్కువ, కాబట్టి తేడా అంతా బళ్ల వల్లే అనలేం.

కాలర్: అద్దె అన్నారు కాబట్టి అడుగుతున్నా మేడమ్. నేను ఆఫీసుల్లో క్లీనింగ్ పని చేస్తాను. బండి లేదు, అన్నిటికీ నడకే. మా వీధికి లైట్లు, ఫుట్‌పాత్ వేశారు. ఇప్పుడేమో ఓనరు అద్దె పెంచుతానంటున్నారు. ఇదేం న్యాయం?

నిపుణురాలు: న్యాయం కాదమ్మా. ఇన్నేళ్లు బురదలో నడిచింది మీరు, బాగయ్యాక ఖాళీ చేయాల్సిందీ మీరేనా? నగరంలో నాలుగు వీధులే బాగుంటే డబ్బున్నవాళ్లంతా అక్కడికే వస్తారు. అన్ని కాలనీల్లో, అదీ పేదల కాలనీల నుంచి మొదలుపెట్టి ఈ పని చేస్తే ఆ ఒత్తిడి కొంత తగ్గుతుంది. అక్కడే తక్కువ అద్దె ఇళ్లూ కట్టాలి. ఇవి ప్రభుత్వాలు చేయాల్సినవి. మీకు అద్దె కాగితం ఉందా?

కాలర్: లేదు మేడమ్, నోటిమాటే.

నిపుణురాలు: కట్టిన ప్రతి అద్దెకూ రసీదు తీసుకోండి. ఉచిత న్యాయ సహాయం ఇచ్చేవాళ్ల దగ్గరకు వెళ్లి, పెంచే ముందు ఎన్నాళ్ల నోటీసు ఇవ్వాలో అడగండి. ఒక్కరే కాకుండా, ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్లంతా కలిసి ఓనరుతో మాట్లాడండి. మారక తప్పదంటే అద్దె ఒక్కటే చూడొద్దు. బస్సు ఖర్చు, రోజూ ప్రయాణానికి పోయే గంటలు కూడా కలపండి. మీ పని ఎన్నింటికి అయిపోతుంది?

కాలర్: రాత్రి పది అవుతుంది.

నిపుణురాలు: అయితే పదింటి తర్వాత బస్సు లేని చోట ఇల్లు చూడనే చూడకండి.