ఏం చూశారో అది చెప్పండి

శ్రోతలందరికీ వందనాలు.

చర్చిలో ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర మెచ్చుకోలుగా ఎక్కువగా వినబడే మాటలు రెండే: "వాక్యం బాగుందండీ", "పాట బాగా పాడారండీ". తప్పేమీ లేదు. కానీ ఏది బాగుందో విన్నవారికి తెలియదు. మనసారా అన్నారో, మర్యాదకు అన్నారో అసలే తెలియదు.

బైబిల్లో అపొస్తలుడు పౌలు రోమీయులకు రాసిన పత్రిక, అంటే ఉత్తరం, 16వ అధ్యాయాన్ని పేర్ల పట్టికే కదా అని చాలామంది దాటేస్తారు. అక్కడ పౌలు చాలామందికి ఉత్త వందనాలు చెప్పి ఊరుకోలేదు. ఫీబే అనేకులకూ, తనకూ సహాయకురాలు అన్నాడు. ప్రిస్కిల్ల, అకుల తన కోసం ప్రాణాలకు తెగించారన్నాడు. మరియ రోమా విశ్వాసుల కోసం ఎంతో ప్రయాసపడింది అన్నాడు. ఈ మాటల్లో ఒకరికి చెప్పినది తీసి మరొకరికి అతికించలేం.

మనమూ అలాగే ఏం చూశామో, దానివల్ల ఎవరికి ఏం మేలు జరిగిందో చెబితే చాలు. రెండు వాక్యాల పని. సండే స్కూలు టీచరుతో "పిల్లలకు బాగా చెబుతారమ్మా" అంటే ఆవిడ నవ్వి ఊరుకుంటారు. "మూలన ఒంటరిగా కూర్చున్న కొత్త బాబును పేరు పెట్టి పిలిచి, బొమ్మల కార్డు పట్టుకోమన్నారు. ఆ తర్వాత వాడు మిగతా పిల్లల్లో కలిసిపోయాడు" అంటే, తాను చేసినదాంట్లో ఏది పనిచేసిందో ఆవిడకు తెలుస్తుంది. వచ్చే వారమూ చేస్తారు.

ప్రసంగం గురించైతే ఆదివారమే చెప్పాలని లేదు. బుధవారం ఫోన్ చేసి, "క్షమించడం గురించి మీరు చెప్పింది విన్నాక మా తమ్ముడితో మాట్లాడానండీ" అనండి. పాస్టరు గారికి ఆ ఒక్క ఫోను ఎన్నో వారాలు గుర్తుంటుంది.

మహిమ దేవునిది కదా, మనుషుల్ని మెచ్చుకోవచ్చా అని కొందరి సందేహం. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక ఆరంభంలో పౌలు వారి విశ్వాసం, ప్రేమ, ఓర్పు తలచుకుని దేవునికే కృతజ్ఞతలు చెప్పాడు. చెప్పిన సంగతి వారికీ రాశాడు! సందేహం ఉన్నవారు అదే దారి పట్టవచ్చు: "మీరు చేసినదానికి దేవునికి స్తోత్రం చెప్పుకున్నానమ్మా."

మాట చెడేది ఎక్కువగా తోకలోనే. "బాగా పాడావు, కానీ శ్రుతి తప్పింది" అంటే ముందుది ఎగిరిపోయి శ్రుతే మిగులుతుంది. దిద్దుబాటు మరో రోజు, విడిగా చెప్పండి. మెచ్చుకున్న వెంటనే పని అప్పగించినా అంతే, మెప్పు ఎరలా కనిపిస్తుంది. రహస్యంగా ఇచ్చిన కానుకను మైకులో పొగడటం మరీ ఘోరం, ఇచ్చినవారు తలెత్తుకోలేరు.

వేదిక మీదివారికి మెప్పు ఎలాగూ అందుతుంది. కుర్చీలు సర్దేవారిని, మైకులు చూసేవారిని, మరుగుదొడ్లు కడిగేవారిని ఈ ఆదివారం గమనించండి. ఒక్కరు చాలు. పదిమందిలో సిగ్గుపడేవారైతే పక్కకు పిలిచి చెప్పండి. "అయ్యో, నాదేముందండీ" అంటే వాదించకండి. వారి చేతిలో ఉన్న కుర్చీకి రెండో వైపు పట్టుకోండి.